నల్లా మూతికి కట్టిన గుడ్డ

“ఇంకోసారి వస్తే పిల్ల తట్టుకోలేదేమోనండీ.”

కిటికీ లోపలి మనిషి తలెత్తలేదు. ఒక గాజు సీసా మెడకు పురికొస చుడుతున్నాడు. చుట్టి, ముడివేసి, మిగిలిన కొసను పళ్లతో కొరకబోయి, ఎందుకో ఆగి, కత్తెర వెతుక్కుని కత్తిరించాడు. అప్పుడు అడిగాడు.

“ఏం వస్తె?”

తనెవరో, ఏ పనిమీద వచ్చిందో చెప్పకుండానే మనసులో మాట ముందు బయటపడిందని నళినికి అప్పుడు తెలిసింది. సిగ్గుపడి, చేతిసంచిలోంచి ఒక సీసా తీసి కిటికీ గట్టుమీద పెట్టింది.

“టైఫాయిడ్. మా అమ్మాయికి. రెండున్నరేళ్లు. ఏప్రిల్లో జిగట విరేచనాలు, జూన్లో టైఫాయిడ్. ఇవి మా నల్లా నీళ్లు. ఇందులో ఏముందో చూసిపెట్టాలి.”

ఆయన సీసాను ముట్టుకోలేదు. వంగి చూశాడు.

“ఇండ్ల ఇంతకుముందు ఏముండె?”

“దగ్గుమందు. బాగా కడిగానండీ. మూడుసార్లు.”

“దేంతోని కడిగిన్రు?”

“నీళ్లతోటే.”

“ఏ నీళ్లు?”

నళిని జవాబు చెప్పబోయి ఆగిపోయింది. బీఎస్సీ కెమిస్ట్రీ ఫస్టు క్లాసులో పాసైన మనిషి.

“గవ్వే నీళ్లు,” అన్నాడాయనే. “ఫికర్ చెయ్యకుండ్రి. అందరు గట్లనే తెస్తరు. ఇంటి పతా చెప్పుండ్రి, నేనే వచ్చి తీస్కపోత.”

1970 జూలై నెల అది. గన్‌ఫౌండ్రీ దగ్గర ఒక పాత బంగళా వెనక భాగంలో నాలుగు గదుల లేబరేటరీ ఉండేది. ఊరి నీళ్లను పరీక్షించడం అక్కడి పని. గదుల్లో ఇద్దరు ఆఫీసర్లు, ఒక గుమాస్తా, ఈయన. ఈయన పేరు దేవకుమార్. నలభై అయిదేళ్లుంటాయి. హోదా అటెండరే కాని, సీసాలు ఉడకబెట్టేదీ, సైకిలు మీద వెళ్లి నీళ్లు తెచ్చేదీ, పళ్లాల్లో పోసి వాటిలోని క్రిములను చుక్కలుగా పెంచేదీ, మర్నాడు కళ్లద్దాలు పెట్టుకుని ఆ చుక్కలు లెక్కపెట్టేదీ ఆయనే. ఆఫీసర్లు కింద సంతకం పెట్టేవారు.

మెదక్ వైపు ఒక మిషన్ దవాఖాన ఆవరణలో పుట్టాడాయన. తండ్రి ఆ దవాఖానలో కట్టుగుడ్డలు ఉడకబెట్టి ఆరేసేవాడు. పెద్ద రాగి డేగిశాలో గుడ్డలు కుతకుత ఉడుకుతుంటే పొయ్యి ముందు కూర్చుని కట్టెలు ఎగదోయడం దేవకుమార్ చిన్నతనపు కొలువు. ఒకసారి, గుడ్డలు కాలుతున్నాయి కదా, తండ్రికి సాయం చేద్దామని వాటిని తీసి బావినీళ్ల తొట్టిలో ముంచి చల్లార్చాడట. చెంప మీద ఒక్కటి పడింది. ఎందుకు పడిందో తెలియడానికి పదేళ్లు పట్టిందని నవ్వుతూ చెప్పేవాడు. ఎనిమిదో తరగతి దాకా చదివి, పట్నం వచ్చి సీసాలు కడిగే పనిలో చేరి, అక్కడే నిలబడిపోయాడు.

నళిని వాళ్లు ఉండే ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో. ఆమె మామగారు యాభై ఆరులో కర్నూలు నుంచి ఆఫీసు ఫైళ్లతోపాటు రైలెక్కి వచ్చిన గుమాస్తా. ఆయన పోయారు. ఇప్పుడు ఆ వాటాలో నళిని, సచివాలయంలో పనిచేసే ఆమె భర్త అమరేశ్వరరావు, అత్తగారు శేషారత్నం, పిల్ల వాసంతి ఉంటున్నారు. వాటాకు వెనక పెరటిలో ఒక నల్లా. నీళ్లు తెల్లవారుజామున అయిదింటికి వచ్చి ఏడింటికి పోతాయి. గోడకు అవతల బీరయ్య బర్రెల కొట్టం.

చెప్పినట్టే మర్నాడు ఆరున్నరకు దేవకుమార్ వచ్చాడు. నల్లా మూతికి చదరపు గుడ్డ ఒకటి దారంతో కట్టి ఉంది. ఇసక, తుప్పు, అప్పుడప్పుడు చిన్న పురుగులు పడకుండా ఆ గల్లీలో ఇంటింటా కట్టుకునేదే. దాన్ని విప్పి పక్కన పెట్టాడు. సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. పుల్లకు చుట్టిన దూదిని స్పిరిట్లో ముంచి, నిప్పంటించి, నల్లా మూతి చుట్టూ తిప్పాడు.

“కుళాయికి హారతిస్తున్నాడేవిటే?” అంది శేషారత్నం గుమ్మంలోంచి.

“ఔ పెద్దమ్మా. దేవుడు గిండ్లనే ఉన్నడు, దయ్యం గిండ్లనే ఉన్నది.”

తరువాత నల్లా పూర్తిగా తిప్పి, గడియారం చూస్తూ మూడు నిమిషాలు నీళ్లను వదిలేశాడు. శేషారత్నం గబగబా వచ్చి బకెట్టు కింద పెట్టింది. “నీళ్లకు మొహం వాచి ఉంటే కాలవ పాలు చేస్తావా నాయనా?”

“మా కాయిదా గట్లనే ఉంటది. పైపుల నిలవ ఉన్నవి పోవాలె, అసలు నీళ్లు రావాలె. అప్పుడే పట్టాలె.”

సీసా నింపి, మంచు పెట్టె లాంటి దాంట్లో ఉంచి సైకిలు ఎక్కాడు. వీధి మలుపు తిరగకముందే శేషారత్నం చింతపండు తెచ్చి నల్లాను తోమడం మొదలుపెట్టింది. సైకిలు వెనక్కి వచ్చింది, స్పిరిట్ సీసా మూత మరిచిపోయాడట. ఆవిడ చేయి ఆగింది.

“తోముండ్రి పెద్దమ్మా, మంచిదే,” అన్నాడు దేవకుమార్, మూత జేబులో వేసుకుంటూ. “తోమినంక ఏ నీళ్లతోని కడుగుతున్నరో జర చూస్కోండ్రి.”

రెండు రోజులకు కాగితం వచ్చింది. నీళ్లు తాగడానికి పనికివస్తాయి. నళినికి నమ్మకం కుదరలేదు. ఇంకోసారి చూడమంది. మళ్లీ హారతి, మళ్లీ మూడు నిమిషాలు, మళ్లీ అదే కాగితం.

అమరేశ్వరరావు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివి, “ఇంకేం, నిశ్చింత,” అన్నాడు.

“నిశ్చింత ఎలా అవుతుందండీ? నీళ్లు మంచివైతే, పిల్లకెలా వచ్చింది?”

“నువ్వు చదువుకున్నదానివి. నన్నడుగుతావేం?”

ఆ చదువే ఆమెను తిననిచ్చేది కాదు. పాలు పొంగేదాకా కాస్తుంది. నీళ్లు గడియారం పెట్టి ఇరవై నిమిషాలు మరిగిస్తుంది. బయటి తిండి పెట్టదు. ఈగ వాలిన అరటిపండు పారేస్తుంది. ఏ దారీ లేకుండా మూసిన ఇంట్లోకి రెండుసార్లు వచ్చింది, మూడోసారి ఎటునుంచి వస్తుందో తెలియదు. డాక్టరుగారు మందులచీటీ రాస్తూ, పిల్ల పేగులు బాగా దెబ్బతిన్నాయనీ, ఈ వానాకాలం గడిచేదాకా జాగ్రత్తగా ఉండమనీ అన్నారు. జాగ్రత్త అంటే ఏమిటో చెప్పలేదు. ఇంకా ఏ జాగ్రత్త మిగిలిందో ఆమెకు తోచలేదు.

శేషారత్నానికి మాత్రం ఏ అనుమానమూ లేదు. “బర్రెల కొట్టం పక్కన కాపరం పెట్టాక రోగాలు రాక భోగాలొస్తాయా?” అనేది.

బర్రెలకు టైఫాయిడ్ రాదు, అది మనిషి నుంచి మనిషికే వస్తుందని నళినికి తెలుసు. తెలిసినందువల్లే ఆమె కళ్లు సమ్మక్క చేతుల మీద పడ్డాయి. సమ్మక్క నాలుగేళ్లుగా ఆ ఇంట్లో గిన్నెలు తోముతోంది. రెండేళ్ల కిందట ఇరవై రోజులు జ్వరంతో పడి లేచింది. జ్వరం తగ్గినా కొందరి కడుపులో ఆ క్రిమి ఏళ్లతరబడి ఉండిపోతుందనీ, వాళ్లు రాయిలా తిరుగుతూనే పక్కవాళ్లకు అంటిస్తారనీ నళిని కాలేజీలో ఎక్కడో చదివింది. ఎక్కడ చదివిందో గుర్తులేదు. ఆ వాక్యం మాత్రం పోలేదు. వాసంతి ఏమో సమ్మక్క కొంగు వదిలేది కాదు.

ఒక సాయంత్రం ధైర్యం చేసుకుని చెప్పింది. “సమ్మక్కా, రేపట్నుంచి ఓ వారం రాకు.”

“ఏందమ్మా, ఊరికి పోతున్నరా?”

“ఊఁ.”

“మరి ఎల్లుండి నీళ్ల సారును ఇంకోసారి రమ్మన్నరు గద?”

నళిని పిల్లను దగ్గరికి లాక్కుంది. సమ్మక్క చేతులు కొంగుకు తుడుచుకుని, పిల్ల తల మీద ఒకసారి చేయి వేయబోయి, వేయకుండా వెళ్లిపోయింది.

మర్నాడు నళిని అబిడ్స్‌లో పిల్ల మందులు కొనుక్కుని, అటునుంచే గన్‌ఫౌండ్రీకి నడిచింది. నీళ్లు వదిలేసి పనిమనిషి చేతులను పరీక్షించడానికి కుదురుతుందా అని దేవకుమార్‌ను అడిగింది. ఆయన స్టూలు చూపించి కూర్చోమన్నాడు.

“యాభై ఎనిమిదిల సంగతి చెప్త,” అన్నాడు. “మా మెదక్ దిక్కు ఒక ఊరు. ఊరి బాయి నీళ్లు తెమ్మని నన్ను పంపిన్రు. పోయిన. తోడిన. సీసాల పోసేటప్పుడు బిరడా ఏడ పెట్టాల్నో తెల్వక బాయి గట్టు మీద పెట్టిన. ఒక్క నిమిషం గంతే. తీస్కొచ్చినంక చూస్తే నీళ్లు ఖరాబున్నయన్నరు. బాయి మూసిన్రు. ఊళ్ల అందరు కలిసి ఎవరిని పట్టుకున్నరు? బాయి కాడ బట్టలుతికే ముసలామెను. నీ వల్లనే అని గామెను ఊరవతలికి నూకిన్రు. నాకు నిద్ర పట్టలే. నెల దినాలకు నా సొంత ఖర్చుతోని పోయి మళ్ల తెచ్చిన, ఈసారి బిరడా చేతిల నుంచి వదల్లే. నీళ్లు బంగారమున్నయి.”

“మరి ఆవిడ?”

“బాయి తెరిచిన్రు. గామె ఇల్లు మాత్రం మళ్ల ఊళ్లెకు రాలే.” దేవకుమార్ తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. “అప్పటి సంది ఏదన్న ఖరాబని తేలితే ముందు నా చెయ్యి చూస్త. ఇంకొకరి చేతుల దాంక పోవాల్నంటె ముందు నీళ్ల సంగతి నిజంగ తేలాలె.”

“రెండుసార్లు తేలిందిగా. మీరే ఇచ్చారుగా కాగితం.”

“సీసా చూసేది గ్లాసెడు నీళ్లను. గదీ నేను ఓ నిమిషంల పట్టిన గ్లాసు. మీ నల్లాల మూడు దినాలకు ఎన్ని నీళ్లు వస్తయి? అన్నిట్ల కలిపి ఏ నాలుగు క్రిములో ఉంటే గవి నా గ్లాసులనే పడతయా? అన్ని నీళ్లను చూసేటిది ఇంకొకటున్నది.”

ఆయన చూపించింది చూసి నళినికి నవ్వు రాబోయింది. దవాఖానలో పుండ్లకు కట్టే గాజుగుడ్డ. పొడుగు పట్టీని చాపలా మడతలు మడతలుగా చుట్టి, తీగతో నడుము కట్టి, కాగితంలో పొట్లం చుట్టి, ఆవిరి పెట్టెలో ఉడికించి ఉంచాడు. దీన్ని నల్లా మూతికి కట్టి, మూడు రోజులు వచ్చే నీళ్లన్నిటినీ దీనిగుండానే పోనిస్తారు. నీళ్లు పోతాయి. వాటిలో ఉన్నది ఎంత కొంచెమైనా మడతల్లో చిక్కుకుంటుంది. తరువాత దాన్ని తెచ్చి పిండి, పోషకం పోసి పెంచుతారు. డ్రమ్ములకొద్దీ నీళ్లను లేబరేటరీకి మోసుకురాకుండా, వాటి సారాన్ని గుప్పెడు గుడ్డలో తెచ్చుకోవడం.

“గింత సింపులా?” అంది తనకు తెలియకుండానే ఆయన యాసలో.

“మా బాపు చూస్తే, పాత పట్టీలకు ఇంత ఇజ్జత్ ఎప్పుడొచ్చిందిరా అంటుండె.”

శుక్రవారం వచ్చి ఇంటి గుడ్డను విప్పి, దాని చోట గాజుగుడ్డను బిగించాడు. విప్పిన గుడ్డను అవతల పారేయలేదు. వెలుతురుకు ఎత్తి పట్టుకుని కాసేపు చూశాడు.

“ఇది ఎన్నొద్దుల సంది కట్టున్నది?”

“నిన్నటి నుంచే. రోజూ మారుస్తాం,” అంది నళిని కొంచెం గర్వంగా. “మా మామగారి మల్లు పంచె చింపి ఆరు ముక్కలు చేశాను. రోజూ ఉతికి దండెం మీద ఆరేస్తాం.”

“మంచిగున్నది,” అని తిరిగి ఇచ్చేశాడు.

సోమవారం గాజుగుడ్డను విప్పి తీసుకెళ్లాడు. గురువారం మబ్బులు కమ్మి ఉండగా వచ్చి, అరుగు మీద కూర్చోకుండా నిలబడే చెప్పాడు. నీళ్లు మంచివి కావు.

“రెండు కాగితాల్లో మంచివన్నారు.”

“గవి గూడ అబద్ధం కాదు.”

“రెండూ నిజమెలా అవుతాయండీ?”

“గదే నాకు గూడ సమజ్ కాలే,” అన్నాడు దేవకుమార్. అంత నిజాయితీగా తనకు తెలియదని చెప్పిన మనిషిని నళిని అంతకు ముందు ఏ ఆఫీసులోనూ చూడలేదు. ఊరట కలగాల్సింది పోయి, కాళ్లకింద నేల ఇంకొంచెం కదిలినట్టు అనిపించింది.

ఆయన పెరటిలో అటూ ఇటూ తిరిగి, చివరికి శేషారత్నాన్ని అడిగాడు. “పెద్దమ్మా, తాగేటందుకు నీళ్లు ఎప్పుడు పడతరు?”

“ఎప్పుడేవిటి? రాగానే. అయిదింటికి కుళాయి బుస్సుమనగానే మొదటి రెండు బిందెలూ నేనే పడతాను. ఇంకా ఎవరి చెయ్యీ పడని నీళ్లు. ఒకటి దేవుడికి, ఒకటి పిల్లకి. ఎంగిలి నీళ్లు దానికి పోస్తామా?”

దేవకుమార్ తల పంకించాడు. మర్నాడు చీకటి విడుతుండగానే సైకిలుకు చెరొక పక్కా పాల క్యాను కట్టుకుని వచ్చి, హారతీ లేకుండా, మూడు నిమిషాలూ లేకుండా, నల్లా బుస్సుమన్న క్షణం నుంచి వచ్చిన నీళ్లనే పట్టుకుపోయాడు. వాటిని లేబరేటరీలో గాజు గరాటు మీద పరిచిన పల్చని కాగితం గుండా పంపుతో పీల్చి దింపడానికి సాయంత్రం దాకా పట్టిందట. మురికి కమ్మి కాగితం మూసుకుపోతే మార్చుకుంటూ, మార్చుకుంటూ.

శనివారం నళినిని రమ్మని కబురుపెట్టి, రెండు పళ్లాలు చూపించాడు. ఒకదాని మీది కాగితం నిండా నీలిచుక్కలు, ఆవాలు చల్లినట్టు. రెండోదాని మీద ఎర్రచుక్కలు ఎక్కడో ఒకటి, ఎక్కడో ఒకటి.

“రెండు జాతుల క్రిములు. మనుషుల పేగులల్ల నీలివి మస్తుంటయి, ఎర్రవి తక్కువ. పశువులదైతే ఉల్టా. అంటే గిది బీరయ్య బర్రెలది కాదు, మనుషులది. అని పుస్తకం చెప్తది. నేనైతె ఒట్టు పెట్టను.”

నల్లా పైపు గల్లీలోని మురికికాలువ, అదే మోరీ, పక్కనుంచే పోతోంది. నీళ్లు ఆగిపోయిన వేళల్లో ఖాళీ పైపు సన్నని పగులు గుండా చుట్టూ ఉన్నదాన్ని పీల్చుకుంటుంది. తెల్లారి నీళ్లు రాగానే అదంతా ముందు బిందెల్లో పడుతుంది. మూడు నిమిషాలు వదిలేస్తే కొట్టుకుపోయి మంచినీళ్లు వస్తాయి. లేబరేటరీ కాయిదా పారబోసిన నీళ్లనే, ఎవరి చెయ్యీ పడని నీళ్లంటూ ఈ ఇంట్లో పిల్లకు దాస్తున్నారు.

నళిని రెండు పళ్లాలనూ మార్చి మార్చి చూసింది.

“కాని నేను మరిగిస్తానండీ. ఇరవై నిమిషాలు. మొదటి బిందైనా, చివరి బిందైనా, మోరీలోవే అయినా, మరిగితే చచ్చిపోవాలిగా. మనుషులదే అంటున్నారు. నీళ్ల నుంచి కాకపోతే మరి…” సమ్మక్క పేరు నోటిదాకా వచ్చి ఆగింది.

దేవకుమార్ ఆమె మొహం చూశాడు. “రేపు ఐతారం. చర్చికి పోకముందు వస్త. నల్లా కాడి నుంచి పిల్ల నోటి దాంక మీరు దినాం ఏం చేస్తరో గది చెయ్యుండ్రి. నేను లేననుకోండ్రి.”

ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి వంటింటి గుమ్మం అవతల పీట వేసుకుని కూర్చున్నాడు. ఆయన లేడనుకోవడం ఎవరికీ చేతకాలేదు. శేషారత్నం ఎన్నడూ లేనిది బిందెను రెండుసార్లు తోమింది. నళిని మొదటి బిందెలోని నీళ్లు గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టింది. మరగడం మొదలయ్యాక గడియారం చూసింది. ఇరవై నిమిషాలు. దించి, మూత పెట్టి, చల్లారనిచ్చింది. ఆ సందులో దేవకుమార్‌కు చాయ్ ఇచ్చింది.

“ఎవరింటికి పోయినా చాయే తాగుత,” అన్నాడాయన. “నీళ్లొద్దంటే బాధపడతరు. చాయ్ అంటే కాగిన నీళ్లేనాయె.”

నీళ్లు చల్లారాయి. మూత తీస్తే పైన తెల్లటి పొర, అడుగున సన్నటి రజను. ఆ ఊరి నీళ్లను ఎప్పుడు మరిగించినా తేలే సున్నం. నళిని వెళ్లి దండెం మీది గుడ్డ ఒకటి తీసుకొచ్చింది. బిందెలో ముంచి, పిండి, కూజా మూతికి బిగుతుగా పరిచి, కాచిన నీళ్లను దాని మీద సన్నగా పోయబోయింది.

“ఆగుండ్రి.”

ఆమె చేయి గాల్లోనే ఆగింది.

“గుడ్డ ఎందుకు తడిపిన్రు?”

“పొడిది నిలవదండీ, లోపలికి జారుతుంది. తడిపితే మూతికి అంటుకుంటుంది. కాలేజీలో వడపోత కాగితాన్ని కూడా ముందు తడిపాకే…”

దేవకుమార్ లేచి వచ్చి, గుడ్డను కొసలు పట్టుకుని కూజా మీంచి ఎత్తాడు.

“మూడు దినాలు గాజుగుడ్డ కట్టి నేను పట్టినదాన్ని మీరు దినాం పడుతున్నరమ్మా. గీ గుడ్డ నిన్ననో మొన్ననో నల్లా మూతికి ఉండె. బిందెల కొద్ది నీళ్లల్ల ఉన్నది దీని పోగులల్ల చిక్కె. చల్లనీళ్లతోని ఉతికితే గది పోదు. ఇప్పుడు దాన్ని మళ్ల మొదటి బిందెల ముంచిన్రు. దీంట్లకెళ్లి కాగిన నీళ్లు పోస్తున్నరు. గుడ్డను కడిగి, గా కడిగిన నీళ్లు పిల్లకు తాపుతున్నట్టు.”

“కాచి వడబోసిన నీళ్లే ఇవ్వమన్నారు డాక్టరుగారు,” అంది నళిని. ఎవరితో వాదిస్తోందో ఆమెకే తెలియలేదు. “కాచి, వడబోసి. ఆ వరసలోనే చేశాను.”

“చెప్పిన వరస గది. చేసే వరస కాదు. ముందు వడబోయాలె, అటెన్క కాచాలె.”

శేషారత్నం మూల నిలబడి వింటోంది. “ఆ మొదటి బిందె నేనే పడుతున్నాను నాయనా,” అంది మెల్లిగా. ఆవిడ అంత మెల్లిగా మాట్లాడటం నళిని అదే మొదటిసారి వినడం.

“నేను గూడ ఉడికిన పట్టీలను తీస్కపోయి బాయి నీళ్లల్ల ముంచిన పెద్దమ్మా, చిన్నప్పుడు. మంచి చేద్దామనే ముంచిన.” ఆయన తన చెంప తడుముకున్నాడు. “మిమ్మల్ని కొట్టేటందుకు మా బాపు లేడు గంతే.”

గుడ్డను పొట్లం కట్టుకుని తీసుకెళ్లాడు. దాన్ని పిండి, రెండు రోజులు పెంచి చూస్తే గాజుగుడ్డలో దొరికిందే ఇందులోనూ దొరికింది. టైఫాయిడ్ క్రిమి మాత్రం దేనిలోనూ దొరకలేదు.

“అయితే టైఫాయిడ్ దీనివల్ల కాదా?” అని నళిని అడిగింది.

“దొరకలేదంటే లేదని కాదు. ఉన్నదని గూడ కాదు.”

“మరి ఏమనుకోవాలండీ నేను?”

“తెల్వదమ్మా. తెల్వదనే అనుకోండ్రి. మోరీ నీళ్లు పిల్ల కడుపులకు పోతుండె. గది ఆపిన్రు. గంత మట్టుకు ఖాయం.”

ఆ మాట విన్న మధ్యాహ్నమే నళిని పక్క గల్లీకి వెళ్లి సమ్మక్క ఇంటి ముందు నిలబడింది. ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కుంది. తీరా చూస్తే ఒక్క మాటే వచ్చింది. “రేపట్నుంచి రా.”

“ఊరి నుంచి వచ్చిన్రా?” అంది సమ్మక్క.

నళిని తల దించుకుంది.

“నాకెర్కే అమ్మా. మీరు రావద్దనకముందు వారం దినాలు నేను తోమిన గిన్నెలను పెద్దమ్మ మళ్ల తోముతుండె, నేను చూడలేదనుకున్నరా?” సమ్మక్క చేతిలోని చేటను కింద పెట్టింది. “వస్త. మీకోసం కాదు. పిల్ల యాది చేస్తుందేమో అని.”

“చేస్తోంది.”

“మరి గది ముందు చెప్పాలె గద.”

ఆ వానాకాలం గడిచింది. వాసంతికి మూడోసారి రాలేదు. దసరా ముందు మనుషులు వచ్చి గల్లీ తవ్వి, మోరీ పక్కన పైపును మార్చారు. పిల్లకు టీకాలూ వేయించారు. చలికాలమూ వచ్చింది. ఈ నాలుగింటిలో పిల్లను కాపాడింది గుడ్డ మానడమా, కొత్త పైపా, టీకానా, ఉత్త చలిగాలేనా అని నళిని ఎన్నోసార్లు లెక్క వేసుకుంది. లెక్క ఏనాడూ తేలలేదు. ఆ తేలకపోవడం ఆమె చేతులకు పాకింది. మరిగించిన నీళ్లను గంటాగి మళ్లీ మరిగించడం మొదలుపెట్టింది. అందులో క్రిములు చావడానికి ఊదారంగు పొటాషు గింజ వేసింది. గ్లాసును వేణ్ణీళ్లలో ముంచి, తీసి, తుడిచి, తుడిచిన గుడ్డ మీద అనుమానం వచ్చి, మళ్లీ ముంచేది. పిల్ల దాహమని ఏడిస్తే, “ఉండమ్మా, ఇంకొక్కటి చూడాలి,” అనేది.

సంక్రాంతి వెళ్లాక దేవకుమార్ అటువైపు పనిమీద వచ్చి చాయ్ తాగుతూ ఈ తతంగమంతా చూశాడు. పిల్ల ఏడుపూ విన్నాడు.

“కూజాలోకి ఒంపేటప్పుడు గాలిలోంచి ఏదైనా పడుతుందంటారా?” అని నళిని అడిగింది. “ఆ గిన్నెలో సున్నం ఉండిపోతే ప్రమాదమా? ఇంకేం చేయమంటారు, చెప్పండి.”

ఆయన గ్లాసు కింద పెట్టాడు. పొయ్యి మీంచి అప్పుడే దించిన గిన్నె వైపు వేలు చూపించాడు. ఆయన ఆనాడు చెప్పిన మాటే ఆ ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది. వాసంతి నాలుగో తరగతికి వచ్చింది. తాగే నీళ్లు మూడు నిమిషాలు ఆగి పడతారు, వడపోసేది పచ్చినీళ్లనే, మరిగిన గిన్నెలోంచే గ్లాసులోకి ఒంపుతారు, అడుగున సున్నం అడుగునే ఉంటుంది. పిల్ల విషయంలో ఏదో ఒకటి చేయాలని చేయి దురద పుట్టినప్పుడల్లా, నీళ్ల సంగతి కాకపోయినా సరే, నళినికి ఆ మాటే వినబడుతుంది.

“చేసేదంత పొయ్యి మీద పెట్టకముందే చెయ్యుండ్రి అమ్మా. కాగినంక మూత పెట్టి వదిలెయ్యుండ్రి. మంచి చేద్దామని గూడ మళ్ల చెయ్యి పెట్టకుండ్రి.”